మంట నీలంగా ఉండాలి: ఇంటి పొయ్యి, బండి మీది గ్రిల్ – శుభ్రత, సంరక్షణ

(మనలి మండలంలోని తెలుగు నివాసుల సమావేశంలో గ్యాస్ పొయ్యిలు మరమ్మతు చేసే ఒక పనివాడు చేసిన ప్రసంగపాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. శ్రీకాకుళం జిల్లా నుంచి పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చి, ముప్పై ఏళ్లుగా ఇక్కడే గ్యాస్ పొయ్యిలు విప్పి, కడిగి, బిగించి ఇస్తూ బతుకుతున్నవాణ్ణి. వేదిక మీద మాట్లాడమన్నప్పుడు నాకు తెలిసిన విషయం ఒక్కటే ఉన్నదనీ, దానినే చెబుతాననీ అన్నాను. ఆ ఒక్క విషయం పొయ్యి.

మనలిలో ఉంటూ గ్యాస్ గురించి తెలియకపోవడం ఏటి గట్టున ఉండి ఈత రాకపోవడం లాంటిది. 1965లో భారత ప్రభుత్వం, అమెరికాకు చెందిన అమోకో, ఇరాన్ జాతీయ చమురు సంస్థ కలిసి మద్రాస్ రిఫైనరీస్ లిమిటెడ్ అనే సంస్థను స్థాపించాయి. 1969లో ఇక్కడి కర్మాగారం పని ప్రారంభించింది. 2000లో దాని పేరు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ లిమిటెడ్‌గా మారింది. అక్కడ ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు పెట్రోలు, డీజిలుతో పాటు మన వంటగ్యాస్ కూడా వెలువడుతుంది. 2011లో మనలి చెన్నై మహానగర పాలక సంస్థలో విలీనమై రెండవ మండలం అయింది. మనలో చాలామంది ఈ పరిశ్రమల చుట్టూ పనిచేస్తున్నవారమే. శిరస్త్రాణం లేకుండా, బూట్లు లేకుండా ఆ గేటు లోపలికి అడుగు పెట్టనివ్వరు. అదే గ్యాసును ఇంటికి తెచ్చుకున్నాక మాత్రం పదేళ్ల నాటి గొట్టంతో, మసిబట్టిన బర్నర్‌తో వాడుతున్నాం. లోపల ఉన్న జాగ్రత్త ఇంట్లో ఎందుకు లేదన్నదే ఈరోజు నా ప్రశ్న.

మా గదిలో జరిగినది

ముందు నా తప్పు నేను చెప్పుకుంటాను. వచ్చిన తొలి ఏడాది చిన్నసేక్కాడులో ఒక చిన్న గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. ఎవరో వాడి వదిలేసిన రెండు బర్నర్ల పొయ్యిని తక్కువ ధరకు కొన్నాం. మంట పసుపుపచ్చగా, నాలుకలు చాచుతూ వచ్చేది. గిన్నె అడుగు నల్లబడేది. మాకు అది వింతగా తోచలేదు. మా ఊళ్లో కట్టెల పొయ్యి మీద పెట్టిన ఏ గిన్నె తెల్లగా ఉన్నది గనుక? మసి అంటే వంట గుర్తు అనుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. గ్యాస్ పొయ్యి మీద మసి ప్రమాద సూచన అని మాకు ఎవరూ చెప్పలేదు.

కార్తీకమాసపు ముసురులో ఒక రాత్రి తడిసిన పని బట్టలు ఆరడం లేదని పొయ్యి పైన తాడు కట్టి, మంట సన్నగా పెట్టి, చినుకులు పడకుండా కిటికీకి గోనెపట్టా కట్టి పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చినవాడు తలుపు ఎంత కొట్టినా మాలో ఎవరూ లేవలేదు. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, పొయ్యి ఆర్పి, మమ్మల్ని ఒక్కొక్కరినీ వసారాలోకి లాగాడు. నాకు తల పగిలిపోతున్నంత నొప్పి, వాంతి. మాలో చిన్నవాడు, మా మేనమామ కొడుకు, అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు, ఆసుపత్రిలో రెండు రోజులకు గానీ తేరుకోలేదు. మా అత్తకు ఆ సంగతి నేను ఐదేళ్ల దాకా చెప్పలేకపోయాను.

మమ్మల్ని పడగొట్టినది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసుకు తగినంత గాలి అందక సగం సగం కాలినప్పుడు అది పుడుతుంది. శ్వాసతో లోపలికి వెళ్లి రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. మనిషి నిద్రలోనే నీరసించిపోతాడు. ఆ తరువాతే నేను పొయ్యి పని నేర్చుకున్నాను.

మంట చెప్పే మాట

పొయ్యి ఆరోగ్యం దాని మంటలోనే కనబడుతుంది. మంట నీలంగా, నిలకడగా, ప్రతి రంధ్రం నుంచి సమానంగా రావాలి. గిన్నె అడుగు తెల్లగా ఉండాలి. పసుపుపచ్చ మంట ఎడతెగక వస్తూ గిన్నెకు మసి అంటితే గాలి చాలడం లేదని అర్థం. మంట రంధ్రాల మీద నిలవకుండా ఎగిరెగిరి పడుతూ హోరుమంటే గాలి ఎక్కువైందని అర్థం. టప్పుమని శబ్దం చేసి మంట బర్నర్ లోపలికి పోతే బర్నర్ టోపీ సరిగా కూర్చోలేదనో, లోపల తడి ఉన్నదనో అర్థం. అప్పుడు వెంటనే మర కట్టేసి, చల్లారనిచ్చి, టోపీని సరిచేసి మళ్లీ వెలిగించాలి.

ఒక చిన్న మినహాయింపు ఉన్నది. మనది సముద్రానికి దగ్గరి ఊరు. ఎన్నూరు వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. పొంగిన చారులోనూ ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు మంటలో పడితే నారింజరంగు మెరుపులు ఒకటి రెండు నిమిషాలు కనబడి పోతాయి. వాటికి భయపడనక్కర లేదు. పోకుండా నిలిచిన పసుపురంగుకే భయపడాలి.

పొయ్యి కడిగే విధం

శుభ్రం చేయడానికి ముందు చేయవలసిన పని శుభ్రం చేయడం కాదు, గ్యాస్ ఆపడం. రెగ్యులేటరును మూసి, పొయ్యి పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. వేడి మీద ఉన్న గాజు పలక మీద చన్నీళ్లు పోస్తే పలక పగులుతుంది. ప్రతి రాత్రి వంట ముగిశాక, చల్లారిన పొయ్యిని తడిబట్టతో తుడిచి, ఆ వెంటనే పొడిబట్టతో తుడవడం అలవాటు చేసుకుంటే వారానికొకసారి రుద్దే శ్రమ సగం తగ్గుతుంది. పొంగినది ఆ పూటే తుడిస్తే బట్టకు వస్తుంది. మూడు రోజులు ఆగితే ఉలికి గానీ రాదు.

వారానికొకసారి గిన్నెలు నిలిపే స్టాండ్లను, బర్నర్ల కింద ఉండే పళ్లేలను తీసి, వేడినీటిలో గిన్నెల సబ్బు కలిపి అరగంట నానబెట్టి, పీచుతో రుద్ది, కడిగి ఆరబెట్టాలి. పళ్లెంలో నిలిచిన జిడ్డు కేవలం అసహ్యం కాదు, అది ఇంధనం. బొద్దింకలకూ ఎలుకలకూ అదే విందు. జిడ్డు వాసనకు వచ్చిన ఎలుక పక్కనే ఉన్న రబ్బరు గొట్టాన్ని కొరుకుతుంది. గొట్టం పాడై నా దగ్గరకు వచ్చిన ఇళ్లలో ఎన్నో చోట్ల పొయ్యి కింద ఎలుక పెంటికలు చూశాను.

నెలకొకసారి బర్నర్లను కడగాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇత్తడి టోపీలను వేడినీటిలో కొంచెం నిమ్మరసంతోనో, చింతపండు పులుసుతోనో ఇరవై నిమిషాలు నానబెడితే మసి, చిలుము వదులుతాయి. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెలు తోమిన పద్ధతే ఇది. అయితే రాత్రంతా పులుపులో వదిలేయకూడదు, ఇత్తడిని పులుపు తినివేస్తుంది. చాలా పొయ్యిల్లో టోపీ ఇత్తడిది, దాని కింది భాగం అల్యూమినియం మిశ్రమంతో చేసినది. చాకలి సోడా కలిపిన నీటిలో అల్యూమినియం నల్లబడి, గుంటలు పడుతుంది. కనుక ఆ భాగాలకు సబ్బునీరే చాలు. కిరోసిన్‌తో, పెట్రోలుతో బర్నర్లను కడిగేవారు కొందరున్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి.

నానిన టోపీని పాత పళ్ల బ్రష్షుతో రంధ్రాల వరుస వెంట రుద్దాలి. మూసుకుపోయిన రంధ్రాన్ని రంధ్రం కంటే సన్నని తీగతో మెల్లగా తెరవాలి. అగరుబత్తి పుల్ల, చీపురు పుల్ల వాడితే కొస విరిగి లోపలే ఉండిపోతుంది. మేకు గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది. ఆ తరువాత మంట ఒకవైపు ఎగిసి, ఒకవైపు పడుకుంటుంది. కడిగిన టోపీని ఎండలో గానీ, గాలికి గానీ పూర్తిగా ఆరనివ్వాలి. తడి టోపీ పెట్టి వెలిగించి, టప్పుమన్న శబ్దానికి బెదిరి, పొయ్యి పాడైందని నా దగ్గరకు తెచ్చినవారు లెక్కలేనంతమంది.

బర్నర్ కింది గొట్టం మొదట్లో చిన్న ఇత్తడి బిరడా ఉంటుంది. దానిని జెట్ అంటాం. సూది మొన అంత రంధ్రం గుండా గ్యాస్ అక్కడి నుంచే వస్తుంది. ఆ రంధ్రాన్ని కర్మాగారంలో కొలత ప్రకారం చేస్తారు. దానిలో సూది దూర్చి తిప్పితే అది వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువై, గాలి చాలక, మంట పసుపుపచ్చగా మారుతుంది. జెట్ మూసుకుపోతే దాని ధర ఎక్కువేమీ కాదు, కొత్తది వేయించుకోవడమే మేలు. కొన్ని ప్రాంతాల్లో ఇళ్లకు గొట్టాల ద్వారా సహజవాయువు వస్తున్నది. దానికి జెట్ కొలత వేరు. బండతో వాడిన పొయ్యిని జెట్ మార్చకుండా దానికి తగిలించకూడదు.

సాలెపురుగు సంగతి

ఒక వేడుకైన విషయం చెబుతాను. మా అక్క కూతురు అమెరికాలో టెక్సస్‌లో ఉంటుంది. అక్కడ మన తెలుగువారు పెరట్లో గ్యాస్ గ్రిల్ పెట్టుకుని ఆదివారాల్లో మొక్కజొన్న కంకులు, పనీరు, కోడి ముక్కలు కాలుస్తారు. చలికాలమంతా మూతవేసి ఉంచిన గ్రిల్‌ను వేసవిలో తీస్తే మంట పచ్చగా వస్తున్నదని నాకు వీడియోలో చూపింది. బర్నర్ గొట్టం విప్పి లోపలికి టార్చి వేయమన్నాను. లోపల సాలెగూడు. గూడు గాలి దారిని మూసేసింది. పొడవాటి సన్నని బ్రష్షుతో గొట్టం శుభ్రం చేయగానే మంట నీలమైంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఇంధనపు వాసనకు ఆకర్షితమయ్యే సాలెపురుగులు ఉన్నాయి. 2011లో మాజ్దా కంపెనీ, ఇంధన ట్యాంకు గాలి గొట్టాల్లో సాలెగూళ్లు కడుతున్నాయని అమెరికాలో వేలాది కార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. మనం సంక్రాంతికి ఊరికి వెళ్లి నెలరోజుల తరువాత వస్తాం. తాళం వేసిన ఇంట్లో పొయ్యి గొట్టంలోకి సాలెపురుగో, కందిరీగో, చీమల దండో చేరవచ్చు. ఊరి నుంచి రాగానే మొదటి వెలుగు జాగ్రత్తగా చూడండి. ముందు తలుపులు, కిటికీలు తెరవండి. వాసన లేదని నిశ్చయించుకున్నాకే వెలిగించండి.

గొట్టం, రెగ్యులేటరు, బండ

పొయ్యి ఎంత మెరిసినా గొట్టం పాతదైతే ప్రయోజనం లేదు. గ్యాస్ కంపెనీలు అమ్మే సురక్షా గొట్టంలో లోపల ఉక్కుతీగల అల్లిక ఉంటుంది. దానిని ఐదేళ్లకొకసారి తప్పక మార్చాలి. దాని మీద తేదీ ముద్రించి ఉంటుంది. బజారులో మీటరు లెక్కన అమ్మే పచ్చ గొట్టం నీళ్లకు గానీ గ్యాసుకు కాదు. గొట్టం మీద బట్ట చుట్టడం, ప్లాస్టిక్ తొడుగు వేయడం ఇల్లాళ్లు శుభ్రత కోసం చేస్తారు. ఆ తొడుగు కిందే పగుళ్లు దాగుతాయి. వారానికొకసారి తడిబట్టతో తుడిచి, చేత్తో వంచి చూస్తే చాలు. పగుళ్లు, మెత్తదనం, ఎలుక పంటి గుర్తులు కనబడితే ఆ రోజే మార్చాలి.

గ్యాస్ కారుతున్నదో లేదో చూడడానికి సబ్బు నురుగుకు మించిన పరికరం లేదు. రెగ్యులేటరు అతుకు, గొట్టం రెండు కొసలు, మరల దగ్గర నురుగు రాసి గ్యాస్ తెరిస్తే, కారుతున్న చోట బుడగలు ఉబ్బుతాయి. అగ్గిపుల్ల వెలిగించి చూడడం మాత్రం చావును పిలిచి చూడడమే.

బండ తీసుకునేటప్పుడు దాని మెడ దగ్గరి పట్టీ లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరం. బండను తిరిగి పరీక్షించవలసిన గడువు అది. గడువు దాటిన బండను నిరాకరించే హక్కు మీకు ఉన్నది. తెచ్చినవారి చేతనే సీలు తీయించి, తూకం వేయించి, నోటి దగ్గర కారుతున్నదేమో చూపించుకోండి. లోపల ఉండే రబ్బరు వాచరు ఊడిపోయి ఉంటే వారి దగ్గర కొత్తది ఉంటుంది.

బండ ఎప్పుడూ నిలబడి ఉండాలి. ఇంకా కొంచెం గ్యాస్ వస్తుందని బండను పడుకోబెట్టడం, వేడినీటిలో పెట్టడం మన పేదరికం నేర్పిన అలవాట్లు. ద్రవంగా ఉన్న గ్యాస్ రెగ్యులేటరులోకి వచ్చిందంటే, ఆ ద్రవం వాయువుగా మారినప్పుడు దాదాపు 250 రెట్లు వ్యాపిస్తుంది. మిగిలిన రెండు పూటల గ్యాసు కోసం ఇల్లు పణంగా పెట్టవద్దు. కొత్తగా వచ్చి, చిరునామా పత్రాలు లేక, పెద్ద బండ నుంచి చిన్న స్టవ్వులోకి దొంగచాటుగా నింపించుకుంటున్నవారికి ఒక మాట. ఇండేన్ ఐదు కిలోల బండను ఛోటూ పేరుతో అమ్ముతున్నది. గుర్తింపు పత్రం చూపితే చాలు, చిరునామా రుజువు అవసరం లేదు. దొంగచాటుగా నింపించుకోవలసిన పని లేదు.

బండి మీద గ్రిల్ పెట్టేవారికి

సాయంత్రాలు మన వీధుల్లో బజ్జీల బండ్లు, చేపల వేపుడు బండ్లు, ఈమధ్య కోడిని ఊచల మీద కాల్చి అమ్మే గ్యాస్ గ్రిల్ బండ్లు వెలిశాయి. వాటిలో మనవాళ్లవీ ఉన్నాయి. మీ బతుకు ఆ మంట మీదే ఉన్నది గనుక కొంచెం వివరంగా చెబుతాను.

మాంసం నుంచి కారే కొవ్వు గ్రిల్ కింది పళ్లెంలో చేరుతుంది. రోజుకు పాతిక కోళ్లు కాల్చే బండి కింద ఎంత కొవ్వు చేరుతుందో మీకే తెలుసు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు పండుగ రద్దీలో మూడు రోజులు పళ్లెం తీయలేదు. నాలుగో రోజు ఆ కొవ్వు అంటుకుంది. కంగారులో చెంబెడు నీళ్లు పోశాడు. మండుతున్న కొవ్వులో నీరు పడగానే ఆవిరై, కొవ్వును నలుదిక్కులా చిమ్మింది. వాడి ముంజేయి నుంచి మోచేయి దాకా ఇప్పటికీ మచ్చ ఉన్నది. నూనె, కొవ్వు అంటుకుంటే గ్యాస్ ఆపండి, బరువైన మూతో, పెనమో బోర్లించండి, లేదా పొడి ఇసుక చల్లండి. నీరు మాత్రం వద్దు. బండి మీద ఇసుక బకెట్టు, వీలైతే పొడి మందు ఉన్న అగ్నిమాపక సిలిండరు పెట్టుకోండి.

రోజూ దుకాణం మూసే ముందు ఇలా చేయండి. వంట అయ్యాక ఊచల జాలీని మరో పది నిమిషాలు ఖాళీగా కాలనివ్వండి. అంటుకున్న ముక్కలు బూడిదవుతాయి. గ్యాస్ ఆపి, గోరువెచ్చగా అయ్యాక, ఇనుప గీకుడు పట్టీతో గీకి, సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి జాలీ మీద రుద్దండి. ఇనుప తీగల బ్రష్షు వాడితే తీగ ముక్కలు ఊడి జాలీకి అంటి, మాంసంతో పాటు తినేవారి గొంతులోకి పోతాయి. అలా ఆపరేషన్ల దాకా వెళ్లిన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. బ్రష్షే వాడవలసి వస్తే తరువాత తడిబట్టతో తుడిచి, వెలుతురులో జాలీని చూడండి. చివరిగా పలుచగా నూనె పూస్తే మన ఉప్పుగాలికి జాలీ తుప్పు పట్టదు. పళ్లెంలోని కొవ్వును గట్టిపడనిచ్చి, గీకి, చెత్తలో వేయండి. కాలువలో పోయకండి. కాలువలో గడ్డకట్టిన ఆ కొవ్వే వానాకాలంలో మురుగును మన గుమ్మంలోకి తెస్తుంది.

బండను మంటకు దూరంగా, నిలబెట్టి, గాలి ఆడే చోట ఉంచండి. ఎర్రరంగు 14.2 కిలోల బండ ఇంటి వంటకే. వ్యాపారానికి 19 కిలోల బండ తీసుకోవాలి, లేకుంటే అది చట్టవిరుద్ధం. ధర తేడా నాకు తెలుసు. కానీ తనిఖీలో బండ పోతే, రోజు సంపాదన కాదు, నెల సంపాదన పోతుంది.

వరద వచ్చినప్పుడు

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలో ఈ ప్రాంతం ఎలా మునిగిందో చెప్పనవసరం లేదు. ఎన్నూరు కయ్యల్లో వరదనీటి మీద చమురు కూడా వ్యాపించింది. ఆ తరువాత నెల రోజులు నేను కడిగినన్ని పొయ్యిలు నా జీవితంలో కడగలేదు. ఒక్కొక్క బర్నర్ గొట్టంలో పిడికెడు బురద.

వరద హెచ్చరిక రాగానే రెగ్యులేటరు తీసి, బండ నోటికి ప్లాస్టిక్ టోపీ బిగించి, బండను నిలువుగా ఎత్తయిన చోట తాడుతో కట్టండి. నిండు బండ నీటిలో మునుగుతుందనుకోకండి. అది తేలుతుంది, తేలి గోడలకు కొట్టుకుంటుంది. మునిగిన పొయ్యిని ఆరబెట్టి వెలిగించడం చాలదు. గొట్టం, రెగ్యులేటరు కొత్తవి వేయించాలి. జెట్లు, మరలు విప్పించి కడిగించాలి. బండను పంపిణీదారు పరీక్షించాకే వాడాలి. వరద తగ్గిన ఇంట్లో వేడి పాలకోసం పిల్లలు ఏడుస్తుంటే ఈ ఓపిక పట్టడం కష్టం. అయినా ఆ ఒక్క రోజు పక్కింటి పొయ్యి మీద పాలు కాచుకోవడమే మంచిది.

వాసన వస్తే

వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు. కారితే మనకు తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఆ కుళ్లు వాసన మనకు కాపలాదారు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. పైకి పోదు, నేల మీద నీటిలా పరచుకుని, మంచం కింద, తూముల దగ్గర నిలుస్తుంది. గాలిలో అది నూటికి రెండు వంతులు చేరితే చాలు, నిప్పురవ్వకు మండుతుంది. అందుకే వాసన రాగానే లైటు స్విచ్చి వేయకండి, ఆర్పకండి కూడా. ఫ్యాను, ఫ్రిజ్ ముట్టుకోకండి. దీపం, అగరుబత్తి ఉంటే ఆర్పండి. రెగ్యులేటరు మూయండి, తలుపులు, కిటికీలు తెరవండి, అందరినీ బయటికి పంపండి. బయటికి వచ్చాకే ఫోను చేయండి.

1906 గ్యాస్ కారుతున్నప్పుడు పిలిచే అత్యవసర నంబరు. అగ్నిమాపక దళానికి 101, అన్ని అత్యవసరాలకు 112, అంబులెన్సుకు 108. మన పాలక సంస్థ ఫిర్యాదులకు 1913. కొత్తగా వచ్చి తమిళం రానివారికి ఒక్క మాట నేర్పుతాను. కారడాన్ని తమిళంలో ‘కసివు’ అంటారు. ‘గ్యాస్ కసివు’ అని చెప్పి, వీధి పేరు చెప్పగలిగితే చాలు, అవతలివారు అర్థం చేసుకుంటారు. మీ వీధి పేరును తమిళంలో పలకడం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. ఆపద సమయంలో భాష అడ్డు కాకూడదు.

చివరి మాట

ఇంతసేపు చెప్పినదాంట్లో అన్నీ గుర్తుండకపోవచ్చు. మూడు సంగతులు గుర్తుంచుకోండి. మంట నీలంగా ఉన్నదా అని రోజూ చూడండి. గొట్టం మీది తేదీని ఈ రాత్రే చదవండి. వంటింటి కిటికీని ఏ వానకూ మూయకండి.

మా మేనమామ కొడుకు ఇప్పుడు మనలి పుదునగర్‌లో సొంత ఇంట్లో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. నెలకొకసారి వాడి ఇంటికి వెళతాను. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లగానే నేను ముందు వంటింట్లోకే నడుస్తాను. మరదలు నవ్వుతుంది, ‘బావగారు మమ్మల్ని చూడడానికి రాలేదు, పొయ్యిని చూడడానికి వచ్చారు’ అంటుంది. నేను ఏమీ అనను. మర తిప్పి మంట చూస్తాను. నీలంగా ఉంటుంది. ఆ తరువాతే ఆమె ఇచ్చిన కాఫీ తాగుతాను.

ఈరోజు ఇంటికి వెళ్లాక మీరూ ఒక్కసారి మీ పొయ్యి వెలిగించి చూడండి. మంట పసుపుపచ్చగా ఉంటే రేపటి దాకా ఆగకండి.